ఖరీదైన డ్యాక్ నిజంగా మెరుగ్గా వినిపిస్తుందా?

ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో దాచుకున్న పాట నిజానికి ఒక పొడవాటి అంకెల వరుస. ఆ అంకెలను హెడ్‌ఫోన్‌నో స్పీకర్‌నో కదిలించగల విద్యుత్ తరంగంగా మార్చేది డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్. సంగీత పరికరాల మీద మక్కువ ఉన్నవారు దాన్ని క్లుప్తంగా డ్యాక్ అంటారు. ప్రతి ఫోన్‌లోనూ, టీవీలోనూ, బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లోనూ ఇది చిన్న చిప్‌గానో చిప్‌లో ఒక భాగంగానో ఉంటుంది. విడిగా కొనదలిస్తే, ఫోన్‌కు తగిలించుకునే వేలెడంత అడాప్టర్ నుంచి దాని ధరకు వెయ్యి రెట్లకు పైగా పలికే బరువైన లోహపు పెట్టెల దాకా దొరుకుతుంది. చేసే పని ఒక్కటే అయినప్పుడు ధరలోని ఈ అంతరం చెవికి కూడా అందుతుందా అన్నది దశాబ్దాలుగా తెగని వాదం.

వాదం తెగకపోవడానికి ప్రధాన కారణం రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా కలిపేయడం. డ్యాక్‌ల మధ్య వినిపించే తేడాలు ఉండవచ్చా అన్నది మొదటి ప్రశ్న. ధర పెరిగేకొద్దీ ధ్వని మెరుగవుతుందా అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు కొన్ని సందర్భాల్లో అవుననే చెప్పాలి. ఆ సందర్భాలు ఏవో, కారణాలు ఏమిటో స్పష్టంగా చెప్పడం సాధ్యమే. రెండో ప్రశ్నకు మాత్రం, సక్రమంగా రూపొందించిన పరికరాల విషయంలో, కాదన్నదే సమాధానం. ఎందుకంటే తేడా తెచ్చే కారణాలు ధరను అనుసరించి నడవవు. వాటిలో కొన్ని చవక పరికరాల్లో కనిపిస్తాయి, కొన్ని అత్యంత ఖరీదైన వాటిలోనే కనిపిస్తాయి.

మార్పిడి ప్రక్రియ గురించిన ఒక అపోహ ఈ చర్చ మొత్తాన్నీ తప్పుదారి పట్టిస్తోంది. డిజిటల్ ధ్వని మెట్లు మెట్లుగా ఉంటుందనీ, మంచి డ్యాక్ ఆ మెట్లను నున్నగా చేస్తుందనీ చూపించే బొమ్మలు ప్రకటనల్లో తరచుగా కనిపిస్తాయి. శాంప్లింగ్ సిద్ధాంతం చెప్పేది ఇది కాదు. హ్యారీ నైక్విస్ట్ 1928లో వేసిన పునాది మీద క్లాడ్ షానన్ 1949లో ప్రచురించిన రూపం ప్రకారం, ఒక తరంగంలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువ వేగంతో శాంపిళ్లు (క్షణక్షణానికీ తరంగం ఎత్తును కొలిచిన అంకెలు) తీసుకుంటే, ఆ శాంపిళ్ల గుండా పోగల తరంగం, ఆ పౌనఃపున్య పరిధిలో, ఒకే ఒక్కటి ఉంటుంది. అంటే రెండు శాంపిళ్ల మధ్య ఏముందో ఊహించాల్సిన పని డ్యాక్‌కు లేదు. పరిధికి పైన ఉన్నదాన్ని ఫిల్టర్‌తో తొలగిస్తే అసలు తరంగమే మిగులుతుంది. సీడీలో సెకనుకు 44,100 శాంపిళ్లు ఉంటాయి కనుక సిద్ధాంతరీత్యా 22,050 హెర్ట్జ్ దాకా ధ్వనిని అది పట్టి ఉంచగలదు. మనిషి వినికిడి మంచి యవ్వనంలో కూడా 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. కనుక డ్యాక్ పని సృజనాత్మకమైనది కాదు, లెక్క ప్రకారం ఒకే సరైన జవాబు ఉన్న పని. ఆ జవాబుకు ఎంత దగ్గరగా వచ్చిందో కొలవవచ్చు, ఆ దూరం చెవికి అందుతుందో లేదో పరీక్షించవచ్చు.

ఒక్కో శాంపిల్ అంకెను ఎంత సూక్ష్మంగా రాశారో చెప్పే బిట్ల సంగతీ అంతే. ఒక్కో బిట్ సుమారు 6 డెసిబెల్‌ల పరిధిని, అంటే అతి బిగ్గర ధ్వనికీ నాయిస్‌కూ మధ్య ఎడాన్ని, ఇస్తుంది. 16 బిట్ల సీడీకి సిద్ధాంతపరమైన పరిధి సుమారు 98 డెసిబెల్‌లు, 24 బిట్లకు 146. ఈ రెండో సంఖ్యను ఏ పరికరమూ అందుకోలేదు. గది ఉష్ణోగ్రత వద్ద ప్రతి రెసిస్టర్‌లోనూ ఎలక్ట్రాన్ల కదలిక వల్ల పుట్టే థర్మల్ నాయిస్ అడ్డం వస్తుంది. ప్రపంచంలోని అత్యుత్తమ డ్యాక్‌లు 120 నుంచి 130 డెసిబెల్‌లు, లేదా అంతకు కాస్త పైన, అంటే ఇంచుమించు 20, 21 బిట్ల దగ్గర, ఆగిపోతాయి. గమనించవలసిన విషయం ఏమిటంటే, ఈ పరిమితికి చేరువగా వచ్చిన వాటిలో సాధారణ ధరకు దొరికే పరికరాలు కూడా చాలానే ఉన్నాయి. భౌతిక శాస్త్రం పెట్టిన హద్దును ఎక్కువ డబ్బు దాటించలేదు.

ధరకూ ధ్వనికీ నిజమైన సంబంధం ఉన్న కాలం ఒకటి ఉండేది. ఈ సంగతిని విస్మరించడం వల్లే పాత నమ్మకాలు ఇంకా బతికి ఉన్నాయి. సీడీ ప్లేయర్ 1982లో మార్కెట్లోకి వచ్చినప్పుడు 16 బిట్ల కచ్చితత్వంతో మార్పిడి చేయడం ఎంతో కష్టమైన పని. అప్పటి డ్యాక్‌లలో ఒక్కో బిట్‌కు ఒక్కో కరెంట్ పాయ ఉండేది. అన్నిటికన్నా పెద్ద బిట్‌కు సంబంధించిన పాయ విలువలో తప్పు 65,536లో ఒక వంతును, అంటే 0.0015 శాతాన్ని, మించకూడదు. మించితే తక్కువ స్థాయిలో సాగే స్వరాలు సున్నా రేఖను దాటే ప్రతిసారీ డిస్టార్షన్, అంటే తరంగం ఆకారంలో వికృతి, పుడుతుంది. అంత కచ్చితంగా చిప్‌లను తయారు చేయడానికి ఒక్కొక్కదాన్నీ లేజర్‌తో చెక్కి సరిచేయడం, ఏరి వర్గీకరించడం వంటి ఖర్చుతో కూడిన పద్ధతులు వాడేవారు. ఫిలిప్స్ తొలి ప్లేయర్లలో 14 బిట్ల చిప్‌నే పెట్టి, దాన్ని నాలుగు రెట్ల వేగంతో నడిపి, నాయిస్‌ను పై పౌనఃపున్యాలకు నెట్టి 16 బిట్లకు సమానమైన ఫలితం రాబట్టింది. సోనీ తొలి ప్లేయర్ సీడీపీ-101లో ఒకే 16 బిట్ల కన్వర్టర్ కుడి, ఎడమ చానళ్లకు వంతులవారీగా పనిచేసేది. ఆ రోజుల్లో ఎక్కువ ఖర్చు పెట్టిన పరికరానికీ తక్కువ ఖర్చు పెట్టిన దానికీ మధ్య కొలతల్లో పెద్ద తేడా ఉండేది. కొన్నిసార్లు అది వినిపించేది కూడా.

ఆ పరిస్థితిని మార్చింది డెల్టా-సిగ్మా పద్ధతి. ఇనోసె, యసుదా అనే జపాన్ పరిశోధకులు 1960ల తొలి సంవత్సరాల్లోనే దీన్ని వివరించారు. ఆడియో చిప్‌లలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది 1980ల చివర, 1990లలో. పదహారు కచ్చితమైన పాయలకు బదులు కొద్ది స్థాయిలను మాత్రమే ఉంచుకుని, వాటిని సెకనుకు లక్షల సార్లు మారుస్తూ, సగటు విలువ అసలు తరంగానికి సరిపోయేలా చూడటం దీని కీలకం. కొద్ది స్థాయిలే ఉండటం వల్ల పుట్టే నాయిస్‌ను లెక్కల సాయంతో వినికిడి పరిధికి పైకి తోసేస్తారు, ఆ తరువాత తేలికపాటి అనలాగ్ ఫిల్టర్ దాన్ని తొలగిస్తుంది. దీనితో కచ్చితత్వం భారం నాజూకైన రెసిస్టర్ల మీద నుంచి డిజిటల్ లెక్క మీదికి బదిలీ అయింది. సిలికాన్‌లో లెక్క చేయడం ఏడాదికేడాది చవకవుతూ వచ్చిన పని. ఒకప్పుడు ప్రయోగశాల పరికరాలకే సాధ్యమైన కచ్చితత్వం ఫోన్ అడాప్టర్‌లో ఇమడటానికి కారణం ఇదే. చవక తయారీదారులు ఎక్కడో మోసం చేస్తున్నారన్న అనుమానానికి ఇందులో ఆధారం లేదు.

ఈనాటి డ్యాక్ చిప్‌లను తయారు చేసే సంస్థలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే: ఈఎస్ఎస్, ఏకేఎం, సిరస్ లాజిక్, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వంటివి. మధ్యతరగతి ధరలో ఉన్న పెట్టెలోనూ, దానికి పదింతలు పలికే పెట్టెలోనూ ఒకే చిప్ ఉండటం సాధారణ విషయం. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెయొకాలో ఏకేఎం కర్మాగారం అగ్నిప్రమాదానికి గురైనప్పుడు చిప్‌ల కొరత ఏర్పడి, ఎందరో తయారీదారులు తమ పరికరాలను పోటీ సంస్థ చిప్‌లతో మళ్లీ రూపొందించుకోవలసి వచ్చింది. చిప్ ఒక్కటే ధ్వనిని నిర్ణయించదని, దాని చుట్టూ ఉండే విద్యుత్ సరఫరా, శాంపిళ్లకు తాళం వేసే క్లాక్, సంకేతాన్ని బయటికి పంపే ఔట్‌పుట్ దశ ముఖ్యమని ఖరీదైన పరికరాల తయారీదారులు అంటారు. ఆ మాట సరైనదే. చెడ్డ ఔట్‌పుట్ దశ మంచి చిప్‌ను పాడుచేయగలదు. అయితే ఔట్‌పుట్ దశను మంచిగా చేయడం కూడా ఇప్పుడు రహస్య విద్య కాదు. చిప్ తయారీదారు ఇచ్చే నమూనా సర్క్యూట్‌ను శ్రద్ధగా అమలు చేసి, కొన్ని మంచి ఆప్-ఆంప్‌లు (సంకేతాన్ని పెంచే చిన్న చిప్‌లు) వాడి, బోర్డు మీద గ్రౌండ్‌ను సక్రమంగా అమర్చితే డిస్టార్షన్, నాయిస్ రెండూ సంకేతం కన్నా 110 డెసిబెల్‌ల దిగువకు చేరతాయి.

ఈ సంఖ్యకు చెవి దగ్గర అర్థం ఏమిటో చూడాలి. నిశ్శబ్దంగా అనిపించే నివాస గదిలో కూడా సుమారు 30 డెసిబెల్‌ల ధ్వని ఉంటుంది. సంగీతంలోని అత్యున్నత శిఖరాలు 105 డెసిబెల్‌లను తాకేంత బిగ్గరగా పెట్టుకున్నారనుకుందాం. అది చాలామంది ఇంట్లో భరించలేనంత మోత. 115 డెసిబెల్‌ల పరిధి ఉన్న డ్యాక్ నాయిస్ అప్పుడు మైనస్ 10 డెసిబెల్‌ల దగ్గర, అంటే వినికిడి మొదలయ్యే సున్నా స్థాయికి కూడా దిగువన ఉంటుంది. దాన్ని 125 డెసిబెల్‌ల పరికరంతో మార్చితే నాయిస్ మైనస్ 20కి దిగుతుంది. కొలత యంత్రం ఈ మెరుగుదలను చూపిస్తుంది. చెవికి రెండూ శూన్యమే. డిస్టార్షన్ విషయంలో అంతరం ఇంకా పెద్దది. బాస్ గట్టిగా మోగేటప్పుడు మంచి స్పీకర్‌లో సైతం ఒక శాతం దాకా డిస్టార్షన్ పుట్టడం మామూలే, సాధారణ డ్యాక్‌లో అది 0.001 శాతం దరిదాపుల్లో ఉంటుంది. స్పీకర్ల పౌనఃపున్య స్పందనలో 3 డెసిబెల్‌ల ఎగుడుదిగుళ్లు ఉంటే మంచి స్పీకర్లనే అంటారు. గది గోడల మధ్య బాస్ తరంగాల ప్రతిధ్వనులు 10 డెసిబెల్‌లకు మించిన హెచ్చుతగ్గులు తెస్తాయి. హెడ్‌ఫోన్‌ను తీసి మళ్లీ పెట్టుకుంటేనే హెచ్చు స్వరాల స్థాయి మారిపోతుంది. మామూలు డ్యాక్ స్పందన 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా అర డెసిబెల్ కూడా చెదరదు. ధ్వని గొలుసులో అత్యంత నిర్దోషమైన కొక్కెం దగ్గరే అత్యధిక ధరలు పలకడం విచారించవలసిన విషయం, ఎందుకంటే అదే డబ్బు స్పీకర్లకో గది అమరికకో వెళ్లి ఉంటే వినేవారికి తప్పకుండా ఏదో ఒకటి దక్కేది.

జిట్టర్ పేరు ఈ చర్చలో తరచుగా వినిపిస్తుంది. శాంపిళ్లను విడుదల చేసే క్లాక్ తాళం అతి స్వల్పంగా తప్పడమే జిట్టర్. 1990లలో, డిస్కును చదివే పెట్టె వేరుగా, డ్యాక్ వేరుగా ఉండి, ఒక కేబుల్ గుండా వచ్చే సంకేతం నుంచే క్లాక్‌ను రాబట్టుకునే రోజుల్లో ఇది సహేతుకమైన ఆందోళనే. అది ఎంత ఉంటే వినిపిస్తుందన్నదాన్ని పరిశోధకులు పరీక్షించారు. 1998లో బెంజమిన్, గానన్ జరిపిన ప్రయోగాల్లో సంగీతం వినేటప్పుడు జిట్టర్‌ను పసిగట్టడానికి పదుల నానోసెకన్ల స్థాయి అవసరమైంది. 2005లో అషిహార, ఆయన సహచరులు యాదృచ్ఛిక జిట్టర్‌తో చేసిన పరీక్షల్లో అది వందల నానోసెకన్లకు చేరింది. ఈనాటి సాధారణ యూఎస్‌బీ డ్యాక్‌లో జిట్టర్ ఒక నానోసెకనులో భాగంగా, పికోసెకన్లలో, ఉంటుంది. అసింక్రనస్ యూఎస్‌బీ పద్ధతిలో కంప్యూటర్ పంపే డేటాను డ్యాక్ ముందుగా నిల్వ చేసుకుని తన సొంత క్రిస్టల్ తాళానికే విడుదల చేస్తుంది కనుక కంప్యూటర్ క్లాక్ నాణ్యతతోనూ పనిలేదు. విడిగా ఖరీదైన క్లాక్ పెట్టెలను కొని జోడించడం వల్ల చెవికి ఒనగూడేదేమీ ఉండదు.

నిజంగా వినిపించే తేడాలు ఎక్కడ పుడతాయో ఇప్పుడు చూడవచ్చు. అన్నిటిలోకీ సర్వసాధారణమైనది, అతి తక్కువగా గుర్తింపు పొందేది ధ్వని స్థాయి. విడి డ్యాక్‌ల ఔట్‌పుట్‌కు 2 వోల్టులు వాడుకలో ఉన్న ప్రమాణం. కాని కొన్ని పరికరాలు 2.2, 2.5 వోల్టులు కూడా ఇస్తాయి. 2 వోల్టులకు బదులు 2.5 వోల్టులు వస్తే ధ్వని దాదాపు 2 డెసిబెల్‌లు పెరుగుతుంది; 2.2 వోల్టులైతే పెరుగుదల 0.8 డెసిబెల్. ఇంత చిన్న తేడాను మనిషి చెవి శబ్దం పెరిగిందని గ్రహించదు. బాస్ బలంగా ఉందనీ, గాత్రం స్పష్టంగా ఉందనీ, వాద్యాల మధ్య ఎడం పెరిగిందనీ గ్రహిస్తుంది. చెవి స్పందన స్థాయితో పాటు మారుతుంది కనుక ఆ అనుభూతి భ్రమ కాదు, నిజంగానే ఆ సూక్ష్మాంశాలు మరికొంత వినిపిస్తాయి. వాల్యూమ్‌ను కొద్దిగా తిప్పితే చవక పరికరంలోనూ అవే వినిపిస్తాయి. ఒకే సంకేతాన్ని పరస్పరం తిరగేసిన రెండు తీగల మీద పంపే బ్యాలెన్స్‌డ్ ఔట్‌పుట్‌లో సాధారణంగా 4 వోల్టులు, అంటే రెట్టింపు, వస్తాయి. ఆ 6 డెసిబెల్‌ల పెంపును బ్యాలెన్స్‌డ్ పద్ధతి మహిమగా వర్ణించే సమీక్షలు కొల్లలు.

రెండోది హెడ్‌ఫోన్ ఔట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే మారే విద్యుత్తుకు ఎదురయ్యే నిరోధం. ధ్వని పుట్టించే చిన్న భాగాలు (డ్రైవర్లు) ఒకటికి మించి ఉన్న, చెవిలో పెట్టుకునే ఇన్-ఇయర్ మానిటర్లకు ఇంపిడెన్స్ అన్ని పౌనఃపున్యాల వద్దా ఒకేలా ఉండదు. ఒకచోట 10 ఓమ్‌లు, మరోచోట 40 ఓమ్‌లు ఉన్న ఇయర్‌ఫోన్‌ను 10 ఓమ్‌ల ఔట్‌పుట్‌కు తగిలిస్తే, మొదటి చోట సగం వోల్టేజీ, రెండో చోట ఐదింట నాలుగు వంతులు అందుతుంది. రెండింటి మధ్య 4 డెసిబెల్‌ల తేడా, అంటే ధ్వని స్వభావమే మారిపోయేంత తేడా. ఔట్‌పుట్ ఇంపిడెన్స్ ఒక ఓమ్ లోపు ఉన్న అడాప్టర్‌లో ఈ సమస్య రాదు. పెద్ద హెడ్‌ఫోన్లను దృష్టిలో పెట్టుకుని చేసిన, బల్ల మీద ఉంచుకునే ఖరీదైన పరికరంలో రావచ్చు. ఇలాంటి అతి సున్నితమైన ఇయర్‌ఫోన్లతోనే నాయిస్ కూడా ప్రశ్నగా మారుతుంది. ఒక వోల్టుకు 128 డెసిబెల్‌లు మోగించగల ఇయర్‌ఫోన్‌లో 20 మైక్రోవోల్టుల నాయిస్ 34 డెసిబెల్‌ల సర్రుమనే శబ్దమవుతుంది, పాట విరామాల్లో స్పష్టంగా వినిపిస్తుంది. 2 మైక్రోవోల్టులైతే 14 డెసిబెల్‌లకు తగ్గి గది నిశ్శబ్దంలో కలిసిపోతుంది. ఎక్కువ శక్తినిచ్చే పెద్ద ఆంప్లిఫయర్ ఈ విషయంలో చిన్న అడాప్టర్ కన్నా అధ్వానంగా ఉండటం అరుదేమీ కాదు.

మూడోది ఫిల్టర్లకు సంబంధించినది, ఇక్కడ ధర తలకిందులవడం చూడవచ్చు. ఓవర్‌శాంప్లింగ్ (శాంపిళ్ల వేగాన్ని ముందే పెంచడం) లేకుండా, ఫిల్టర్ లేకుండా, రెసిస్టర్ల నిచ్చెనతో పనిచేసే ల్యాడర్ డ్యాక్‌లను సహజ ధ్వని పేరుతో ఎక్కువ ధరకు అమ్మేవారు ఉన్నారు. ప్రతి శాంపిల్‌నూ తరువాతి శాంపిల్ వచ్చే దాకా అలాగే పట్టి ఉంచడం వల్ల ఈ పద్ధతిలో హెచ్చు స్వరాలు తగ్గుతాయి: 44,100 శాంప్లింగ్ వేగం వద్ద 10,000 హెర్ట్జ్‌కు 0.75 డెసిబెల్, 20,000 హెర్ట్జ్‌కు సుమారు 3.2 డెసిబెల్‌లు. పైగా 22,050 హెర్ట్జ్‌కు పైన అసలు సంగీతంలో లేని ప్రతిబింబ పౌనఃపున్యాలు బయటికి వస్తాయి. ఈ డ్యాక్ మృదువుగా ఉందని, వెచ్చగా ఉందని అనేవారు అబద్ధమాడటం లేదు. హెచ్చు స్వరాలు తగ్గాయి కనుక మృదువుగానే ఉంటుంది. అది రుచికి సంబంధించిన ఎంపిక. అదే ఫలితాన్ని ఉచిత ఈక్వలైజర్‌తో, అక్కర్లేనప్పుడు తీసేసే వీలుతో, పొందవచ్చన్నది మాత్రం కొనేవారికి తెలియాలి. మామూలు డ్యాక్‌లలో ఎంచుకోవడానికి ఇచ్చే లీనియర్ ఫేజ్, మినిమమ్ ఫేజ్ ఫిల్టర్ల తేడాలు చాలావరకు 20,000 హెర్ట్జ్ పరిసరాలకే పరిమితం. నెమ్మదిగా తగ్గే ఫిల్టర్లలో మాత్రం చిన్న వయసు వారికి అందగల మార్పు కొంత ఉండవచ్చు.

ఇక శాంపిళ్ల మధ్య శిఖరాల సమస్య. దీని గురించి తగినంత చర్చ జరగదు. 11,025 హెర్ట్జ్ స్వరాన్ని సీడీ వేగంతో శాంపిల్ చేసినప్పుడు, శాంపిళ్లన్నీ శిఖరాలకు అటూ ఇటూ సమాన దూరంలో పడితే, ఒక్కో శాంపిల్ అసలు శిఖరంలో 0.707 వంతే ఉంటుంది. ఆ శాంపిళ్లను గరిష్ఠ స్థాయి దాకా పెంచి రికార్డు చేస్తే అసలు తరంగం గరిష్ఠం కన్నా 3 డెసిబెల్‌లు ఎత్తున ఉండాలి. డ్యాక్‌లోని డిజిటల్ ఫిల్టర్‌కు ఆ ఎత్తుకు చోటు లేకపోతే శిఖరం తెగిపోయి డిస్టార్షన్ పుడుతుంది. వీలైనంత బిగ్గరగా మాస్టర్ చేసిన నేటి పాటల్లో, ముఖ్యంగా కుదించిన ఫైళ్లలో, గరిష్ఠాన్ని దాటే ఇలాంటి శిఖరాలు అడుగడుగునా ఉంటాయి. కొన్ని డ్యాక్‌లలో అదనపు చోటు ఉంచుతారు, చాలావాటిలో ఉంచరు. ఈ విభజన ధరను బట్టి జరగలేదు. ప్లేయర్‌లో డిజిటల్ వాల్యూమ్‌ను 3, 4 డెసిబెల్‌లు తగ్గించి, ఆంప్లిఫయర్‌లో పెంచుకుంటే ఏ డ్యాక్‌లోనైనా ఈ లోపం తొలగిపోతుంది.

కంప్యూటర్‌కు తగిలించినప్పుడు వచ్చే హమ్, కీచుమనే శబ్దాలు కూడా నిజమైనవే. రెండు పరికరాల గ్రౌండ్ తీగలు కలిసి వలయంగా ఏర్పడే గ్రౌండ్ లూప్ వల్ల విద్యుత్ సరఫరా తాలూకు 50 లేదా 60 హెర్ట్జ్ మోత, యూఎస్‌బీ ప్యాకెట్ల వేగానికి సరిపోయే 1,000 లేదా 8,000 హెర్ట్జ్ కూతలు స్పీకర్లలోకి చొరబడతాయి. విడి డ్యాక్ కొన్న తరువాత ధ్వని మారిపోయిందని చెప్పేవారిలో కొందరి అనుభవం వెనుక ఉన్నది ఈ చొరబాటు ఆగిపోవడమే. ఆప్టికల్ కేబుల్‌తో గాని, బ్యాలెన్స్‌డ్ కనెక్షన్‌తో గాని, యూఎస్‌బీ ఐసొలేటర్‌తో గాని దాన్ని ఆపవచ్చు.

ఇవన్నీ పక్కన పెట్టి, రెండు మంచి డ్యాక్‌ల స్థాయిని సమానం చేసి, ఏది మోగుతోందో తెలియకుండా వినిపిస్తే ఏమవుతుంది? 2007లో అమెరికాలో బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరాన్ ప్రచురించిన ప్రయోగం ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. అధిక రెజల్యూషన్ డిస్కుల (సీడీ కన్నా ఎక్కువ సూక్ష్మంగా రికార్డు చేసిన వాటి) ధ్వనిని నేరుగా ఒకసారి, మధ్యలో 16 బిట్లు, 44,100 వేగానికి దించి మళ్లీ అనలాగ్‌గా మార్చే వలయం గుండా మరొకసారి వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరైన సమాధానాలు 276, అంటే నాణెం ఎగరేస్తే వచ్చేటన్ని. అదనంగా ఒక అనలాగ్ నుంచి డిజిటల్‌కు, ఒక డిజిటల్ నుంచి అనలాగ్‌కు, రెండు మార్పిళ్లు జరిగినా మామూలు స్థాయిలో విన్నవారు పోల్చుకోలేకపోయారు. దీనికి ఎదురుగా చూపే ఆధారాన్ని కూడా నిజాయితీగా పరిశీలించాలి. జాషువా రీస్ 2016లో 18 ప్రయోగాల ఫలితాలను, 12,500కు పైగా ప్రయత్నాలను కలిపి విశ్లేషించి, అధిక రెజల్యూషన్‌ను గుర్తించడంలో సగటున 52.3 శాతం సఫలత కనిపించిందనీ, ముందుగా శిక్షణ పొందినవారిలో అది పెరిగిందనీ తేల్చారు. గణాంకాల ప్రకారం ఇది శూన్యం కాదు. కాని ఇది ఫార్మాట్ల తేడా గురించిన ఫలితం, ఒకే ఫైల్‌ను మోగించే రెండు డ్యాక్‌ల గురించినది కాదు. పైగా నూటికి రెండు మూడు సార్లు అదనంగా సరిగా చెప్పగలిగే తేడాకూ, మొదటి స్వరంలోనే తెరలు తొలగిపోయాయని సమీక్షలు వర్ణించే తేడాకూ పొంతన లేదు.

తెలిసి విన్నప్పుడు తేడా అంత స్పష్టంగా ఎందుకు ఉంటుందన్నదానికి కూడా పరిశోధనలు సమాధానమిచ్చాయి. ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో స్పీకర్లతో చేసిన ప్రయోగంలో, చూస్తూ విన్నప్పుడు పరికరాల రూపం, పరిమాణం, పేరు శ్రోతలు వేసిన మార్కులను గణనీయంగా ప్రభావితం చేశాయి. తెర వెనుక ఉంచి వినిపించినప్పుడు ఆ అభిప్రాయాలు మారిపోయాయి. స్పీకర్ల మధ్య నిజమైన తేడాలు పెద్దవే అయినా ఈ ప్రభావం కనిపించిందంటే, తేడాలు వినికిడి హద్దుకు దిగువన ఉన్న డ్యాక్‌ల విషయంలో అది ఎంత బలంగా పనిచేస్తుందో ఊహించవచ్చు. ఒకే ద్రాక్షసారాయిని రెండు ధరలు చెప్పి రుచి చూపించి, మెదడును స్కాన్ చేసిన 2008 నాటి అధ్యయనంలో, ఎక్కువ ధర చెప్పినప్పుడు ఆనందానికి సంబంధించిన మెదడు భాగంలో చురుకుదనం కూడా పెరిగింది. కనుక ఖరీదైన డ్యాక్ కొన్నవారు తాము పొందుతున్నామనే ఆనందం కల్పితమని అనడం అన్యాయం. ఆ ఆనందం నిజం. దాని మూలం సంకేతంలో లేదు.

ఏది మోగుతోందో తెలియకుండా వినే ఇలాంటి బ్లైండ్ టెస్టుల మీద వచ్చే అభ్యంతరాల్లో ఒకటి బలమైనది: కొద్ది సెకన్ల ముక్కలను మార్చి మార్చి వినడం ఒత్తిడితో కూడినదనీ, అసలు తేడాలు వారాల తరబడి విన్నప్పుడే తెలుస్తాయనీ అంటారు. ఒత్తిడి సంగతి నిజమే. అయితే శబ్దపు సూక్ష్మాంశాలను మనసు కొన్ని సెకన్లకు మించి యథాతథంగా నిలుపుకోలేదు. అందుకే వెంటవెంటనే మార్చి వినే పద్ధతి సూక్ష్మభేదాలను ఎక్కువగా పట్టిస్తుంది. వారాల తరబడి, ఇంట్లోనే, తీరికగా వింటూ కూడా పేరు తెలియకుండా పరీక్షించుకోవచ్చు. దానికి అడ్డేమీ లేదు. కొలతలకు అందని ఏదో గుణం ఉందన్న వాదన మాత్రం నిలవదు, ఎందుకంటే డ్యాక్ నుంచి బయటికి వచ్చేది కాలంతో మారే ఒకే ఒక్క వోల్టేజీ, ఒక్కో చానల్‌కు ఒకటి. రెండు వోల్టేజీ తరంగాలు చెవికి అందని స్థాయి దాకా ఒకటైతే, వాటి నుంచి పుట్టే ధ్వనులు వేరు కావడానికి దారి లేదు.

2022లో బయటపడిన ఒక విషయం ఈ వాదనకు ఊహించని వైపు నుంచి మద్దతునిచ్చింది. పూర్తి అనలాగ్ పద్ధతిలో తయారవుతాయని శ్రోతలు నమ్మిన మొబైల్ ఫిడెలిటీ సంస్థ గ్రామఫోన్ రికార్డుల్లో చాలావాటికి మధ్యలో డిజిటల్ మార్పిడి దశ ఏళ్లుగా ఉంటూ వచ్చిందని తెలిసింది. డిజిటల్ ధ్వనిని చెవితోనే పట్టేస్తామనే సేకర్తలు, సమీక్షకులు అంతకాలం ఆ రికార్డులనే మెచ్చుకుంటూ వచ్చారు.

ఎక్కువ డబ్బుకు ఏమీ రాదని దీని అర్థం కాదు. ఎక్కువ ఇన్‌పుట్‌లు, రిమోట్, నిశ్శబ్దంగా పనిచేసే వాల్యూమ్ నియంత్రణ, గది ధ్వనిని సరిచేసే ఈక్వలైజర్, నమ్మకమైన డ్రైవర్ సాఫ్ట్‌వేర్, పదేళ్ల తరువాత కూడా మరమ్మతు చేసిపెట్టే తయారీదారు, బల్ల మీద అందంగా ఉండే పెట్టె ఇవన్నీ విలువైనవే. స్టూడియోలో ఒకేసారి అనేక చానళ్లను రోజంతా ఆగకుండా నడిపేవారికి ఇవి అవసరాలు. అతి చవక పరికరాల్లో ఆన్ చేయగానే టప్‌మనడం, పాట శాంప్లింగ్ వేగం మారినప్పుడు చిటుక్కుమనడం, కనెక్టర్ వదులవడం వంటి లోపాలు ఎక్కువ. వాటిని తప్పించుకోవడానికి కొంత అదనంగా చెల్లించడం సబబే. అమ్మేవారు వీటినే చెప్పి అమ్మితే వివాదమే ఉండదు.

సొంతంగా తేల్చుకోదలచినవారికి దారి తెరిచే ఉంది. 1,000 హెర్ట్జ్ స్వరాన్ని మోగించి, ఆంప్లిఫయర్ ఔట్‌పుట్ దగ్గర మల్టీమీటర్‌తో వోల్టేజీ కొలిచి, రెండు డ్యాక్‌ల స్థాయినీ 0.1 డెసిబెల్ లోపు, అంటే సుమారు ఒక శాతం లోపు, సమానం చేయాలి; చవక మీటర్లు హెచ్చు పౌనఃపున్యాల వద్ద తప్పు చూపవచ్చు కనుక అవసరమైతే 200 హెర్ట్జ్ స్వరాన్ని వాడవచ్చు. స్విచ్‌ను మరొకరు, కనపడకుండా, నాణెం చెప్పినట్టు మార్చాలి. 16 ప్రయత్నాల్లో 12 సరైనవైతే, అది ఊహతో జరిగే అవకాశం నూటికి 4 కన్నా తక్కువ. 9, 10 సరైనవైతే దాన్ని తేడాకు ఆధారంగా తీసుకోకూడదు. తేడా పట్టుబడితే వెంటనే మురిసిపోకుండా స్థాయిని మళ్లీ కొలవాలి, స్విచ్ చేసినప్పుడు వచ్చే చిన్న చప్పుడు ఏ పరికరమో చెప్పేస్తోందేమో చూడాలి, 3 డెసిబెల్‌లు తగ్గించి మళ్లీ వినాలి. సహాయకులు లేనివారు రెండు డ్యాక్‌ల ఔట్‌పుట్‌నూ మంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌తో రికార్డు చేసి, పేరు దాచి వినిపించి ఏది ఏదో గుర్తించమనే ఏబీఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండు ఫైళ్లను పోల్చుకోవచ్చు. రెండు రికార్డింగులనూ ఒకదానిలో నుంచి మరొకటి తీసివేసి మిగిలినదాన్ని వినే పద్ధతి కూడా ఉంది గాని, అందులో ఒక చిక్కును ముందే తెలుసుకోవాలి. రెండు పరికరాల క్రిస్టల్‌ల మధ్య లక్షకు ఒక వంతు తేడా ఉన్నా మూడు నిమిషాల పాట చివరికి 1.8 మిల్లీసెకన్ల, అంటే దాదాపు 80 శాంపిళ్ల, జరుగుబాటు వస్తుంది. శ్రుతిలో అది ఏ చెవికీ అందనంత చిన్నది. తీసివేతలో మాత్రం పెద్ద శేషంగా బయటపడి, రెండు డ్యాక్‌లూ వేరని తప్పుగా నమ్మిస్తుంది. ఆ జరుగుబాటును సాఫ్ట్‌వేర్‌తో సరిదిద్దిన తరువాత మిగిలే శేషాన్నే, అసలు పాట విన్న వాల్యూమ్‌లోనే, వినాలి.